మరిది పంపిన లింకులు, అత్తగారి మోకాళ్లు

ప్రశ్న: మా అత్తామామలు అల్లూరులో ఉంటారు, మేం కావలిలో. అత్తగారు ఇక చేత్తో గుడ్డలు ఉతకలేకపోతున్నారని వాషింగ్ మెషీన్ కొనిద్దామనుకున్నాం. బడ్జెట్ 30 వేలు. బెంగళూరులో ఉండే మా మరిది ‘టాప్ 10 వాషింగ్ మెషీన్లు’ అంటూ రోజుకో సైటు లింకు పంపిస్తున్నాడు. దాదాపు అన్నిట్లోనూ ముందువైపు తలుపుండే ఫ్రంట్ లోడే మొదటి స్థానంలో ఉంది. కావలిలో షాపాయన మాత్రం “అల్లూరికా? ఆ నీళ్లకి ఫ్రంట్ లోడు వద్దమ్మా, పైనుంచి గుడ్డలేసే టాప్ లోడు తీసుకోండి” అన్నాడు. అక్కడి బోరు నీళ్లు ఉప్పగా ఉండే మాట నిజమే. మావారేమో “సైట్లోళ్లు కమీషన్ కోసం రాస్తారు, షాపోళ్లు కమీషన్ కోసం చెప్తారు, నీ ఇష్టం” అని చేతులెత్తేశారు. అత్తగారికి ఫోన్లో ఫ్రంట్ లోడు ఫొటో చూపిస్తే “దాంట్లో గుడ్డలెయ్యాలంటే కింద కూర్చోవాల. నా మోకాళ్లు యాడ వంగుతాయి?” అన్నారు. అసలు ఈ సైట్ల వల్ల ఉపయోగం ఉందా, లేదా? మా అబ్బాయి ఇయర్‌బడ్స్ కూడా అడుగుతున్నాడు. దానికీ ఇదే టెన్షనా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మొత్తం మీద పనికొచ్చే రివ్యూ మీ అత్తగారిదే. సైట్లన్నీ మెషీన్ గురించి మాట్లాడుతున్నాయి. ఆమె ఒక్కరే దాన్ని వాడబోయే మనిషి గురించి మాట్లాడారు. ఆ మోకాళ్ల సంగతికి మళ్లీ వస్తాను. ముందు మీ మరిది పంపిన లింకుల సంగతి చూద్దాం.

మీవారన్న కమీషన్ మాట నిజమే. ఆ సైట్లలో ‘ఇక్కడ కొనండి’ అనే బటన్ ఉంటుంది చూశారా, అది నొక్కి మీరు అమెజాన్‌కో ఫ్లిప్‌కార్ట్‌కో వెళ్తే, ఆ లింకులో సైటువాళ్ల గుర్తు ఒకటి దాగి ఉంటుంది. మీరు వస్తువు కొంటే ధరలో కొంత శాతం వాళ్లకు ముడుతుంది. అందువల్ల మీరు కట్టే ధర ఏమీ పెరగదు. ఇది చాటుమాటు వ్యవహారం కాదు, అమెజాన్ ఈ పద్ధతిని 1996లోనే మొదలుపెట్టింది. కానీ కమీషన్ తీసుకునే ప్రతివాడూ అబద్ధమే రాస్తాడనుకుంటే పొరపాటు. అమెరికాలో వైర్‌కట్టర్ అనే సైటు ఉంది. 2011లో మొదలైంది, 2016లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక కొనేసింది. కమీషన్ వస్తుందని వాళ్లే రాసుకుంటారు, అయినా వస్తువుల్ని వాడి చూసి, ఫలానాది ఎందుకు వద్దో కూడా వివరంగా రాస్తారు. కన్స్యూమర్ రిపోర్ట్స్ వాళ్లది ఇంకా పట్టింపు. 1936 నుంచి ఉన్న సంస్థ అది. ప్రకటనలు తీసుకోదు, పరీక్షించాల్సిన వస్తువుల్ని మామూలు కొనుగోలుదారుల్లాగే డబ్బిచ్చి కొంటుంది. కెనడాలో ఆర్టింగ్స్ అనేవాళ్లయితే ఏ టీవీ ఎన్నాళ్లు నిలుస్తుందో చూద్దామని 100 టీవీలు కొని, నెలల తరబడి ఆపకుండా నడిపి, ఏది ఎక్కడ పాడైందో విప్పి చూపించారు. ఇలాంటి పని మీ పక్కింటివాళ్లు చేయలేరు, కావలి షాపాయనా చేయలేడు. మన దగ్గరా ఢిల్లీలో కన్స్యూమర్ వాయిస్ అనే సంస్థ వస్తువుల్ని ల్యాబుల్లో పరీక్ష చేయించి పోల్చి చూపిస్తుంటుంది.

చిక్కల్లా ఏమిటంటే, ఆ విదేశీ సైట్లు పరీక్షించే వాషింగ్ మెషీన్లు మనకు దొరికేవి కావు. వాళ్ల కరెంటు 120 వోల్టులు, మనది 230. కంపెనీ పేరు ఒకటే అయినా లోపలి సరుకు వేరు. ఇక మీ మరిది పంపిన ‘టాప్ 10’ లాంటివాటిలో చాలా భాగం మెషీన్ని కళ్లతో కూడా చూడకుండా రాసినవే. కంపెనీ పేజీలో ఉన్న వివరాలే కాస్త అటూ ఇటూ మార్చి దించేస్తారు. శీర్షికలో సంవత్సరం మాత్రం జనవరి రాగానే ఠంచనుగా మారుతుంది, లోపలి పది మెషీన్లూ అవే ఉంటాయి.

వీటిని పట్టుకోవడం పెద్ద కష్టం కాదు. ‘లోపాలు’ అని రాసిన చోటు చదవండి. “ధర కొంచెం ఎక్కువ”, “రంగులు తక్కువ”, “కాస్త బరువుగా ఉంటుంది” అని ఉంటే ఆ రాసినాయన ఆ మెషీన్లో జేబురుమాలు కూడా ఉతకలేదని అర్థం. వాడిన మనిషి అలా రాయడు. “స్పిన్ తిరిగేటప్పుడు మెషీన్ జానెడు ముందుకు జరుగుతోంది”, “పట్టుచీర ప్రోగ్రాం గంటన్నర తీసుకుంటోంది”, “తలుపు రబ్బరు మడతలో నీళ్లు నిలిచి రెండు నెలలకే నల్లబడింది” అని రాస్తాడు. ఫొటోలు కూడా చూడండి. అన్నీ తెల్లటి గోడ ముందు మెరిసిపోయే కంపెనీ ఫొటోలేనా, లేక ఎవరింట్లోనో గొట్టాలూ వైర్లూ కనిపించే ఫొటోలున్నాయా? పదికి పది మెషీన్లూ ఏదో ఒకదానికి ‘బెస్ట్’ అయి కూర్చుంటే ఆ లిస్టు అక్కడితో మూసేయొచ్చు. ఏది కొనకూడదో చెప్పలేని సలహా మనకెందుకు?

కమీషన్ వల్ల జరిగే అసలు నష్టం అబద్ధాలు రాయడం కన్నా కొన్నిటిని రాయకుండా వదిలేయడంలో ఉంటుంది. ఆన్‌లైన్‌లో అమ్మని మోడల్‌కు లింకు ఇవ్వలేరు, లింకు లేకపోతే డబ్బు రాదు, కాబట్టి అది లిస్టులో ఉండదు. కొన్ని కంపెనీలు షాపులకు ఒక మోడల్, ఆన్‌లైన్‌కు ఇంకో మోడల్ తయారుచేస్తాయి. లోపల దాదాపు ఒకటే మెషీన్, మోడల్ నంబరు చివర రెండు అక్షరాలు తేడా. షాపులో చూసింది ఫోన్లో కొట్టి ధర పోల్చబోతే దొరకదు. ఇంకో సంగతి, కమీషన్ శాతం లెక్కన వస్తుంది కాబట్టి 18 వేల మెషీన్ కన్నా 32 వేల మెషీన్ అమ్ముడుపోతేనే సైటుకు లాభం. ఫ్రంట్ లోడు లిస్టుల్లో మొదట నిలవడానికి అదొక్కటే కారణమని నేననను. నిజానికి ఉతుకు విషయంలో ఫ్రంట్ లోడు మంచిదే. నీళ్లు బాగా తక్కువ తాగుతుంది, బట్ట తక్కువ అరుగుతుంది, మరకలు బాగా పోతాయి. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో మంచి నీళ్లొచ్చే ఫ్లాట్‌లో ఉండే ఉద్యోగస్తులు అడిగితే నేనూ అదే చెప్పేవాణ్ణి. సైట్లు అబద్ధమాడలేదు. వాటికి అల్లూరు తెలీదు, అంతే.

ఇప్పుడు అల్లూరు ఇంటికి వద్దాం. ఈ ఇంటి గురించి ఏ లిస్టులోనూ లేనివి మూడు నాలుగున్నాయి.

మొదటిది నీళ్ల ఒత్తిడి. ఆటోమేటిక్ మెషీన్‌కి కొళాయి నీళ్లు కొంత బలంగా రావాలి. కనీసం ఎంత ఉండాలో ప్రతి మెషీన్ మాన్యువల్‌లో రాసి ఉంటుంది. కొన్నిటికి 0.3 బార్ (బార్ అంటే ఒత్తిడిని కొలిచే ప్రమాణం), కొన్నిటికి 0.5, కొన్నిటికి ఇంకా ఎక్కువ. 10 మీటర్ల ఎత్తు నుంచి దిగే నీళ్లకు సుమారు 1 బార్ ఒత్తిడి ఉంటుంది. మీ అత్తగారిది ఒకే అంతస్తు ఇల్లయి, ట్యాంకు నేరుగా శ్లాబు మీద కూర్చుని ఉంటే, ట్యాంకు అడుగు నుంచి మెషీన్ కొళాయి దాకా ఎత్తు మూడు మీటర్లు ఉంటే గొప్ప. అంటే 0.3 బార్. ట్యాంకు సగమైనప్పుడు, పైపులో ఉప్పు పేరుకున్నప్పుడు అదీ రాదు. అప్పుడు మెషీన్ కాసేపు ఎదురుచూసి, నీళ్లు రావట్లేదని ఏదో ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. మీ అత్తగారు మీకు ఫోన్ చేస్తారు, మీరు మరిదికి ఫోన్ చేస్తారు, ఆయన బెంగళూరు నుంచి ‘ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి’ అంటాడు. టాప్ లోడుకీ ఈ ఇబ్బంది ఉంటుంది. అయితే తక్కువ ఒత్తిడిలోనూ నీళ్లు నింపుకునే టాప్ లోడు మోడల్స్ మార్కెట్లో ఉన్నాయి. ఆ మాట చాలా లిస్టుల్లో ఎక్కడో చివర చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఫోన్‌తో మెషీన్ ఆన్ చేసే సదుపాయం గురించి మాత్రం రెండు పేరాలుంటాయి. అత్తగారు మంచం మీద నుంచి ఆన్ చేస్తే, గుడ్డలు ఎవరు వేస్తారట!

రెండోది ఉప్పు. ఇక్కడ మీ షాపాయన మాట కొట్టిపారేయొద్దు. నీళ్లలో సున్నం ఎక్కువగా ఉంటే, వేడి చేసినప్పుడు అది హీటర్ మీద తెల్లగా గడ్డకడుతుంది. ఫ్రంట్ లోడుల్లో సాధారణంగా హీటర్ ఉంటుంది. చన్నీళ్లతోనే ఉతికితే ఆ బెడద చాలా తగ్గుతుంది గానీ, ఉప్పుతో వచ్చేది వేరే సమస్య, తుప్పు. ఫ్రంట్ లోడు డ్రమ్ము వెనక మూడు కాళ్ల పట్టీ ఒకటి ఉంటుంది. డ్రమ్ము బరువంతా దాని మీదే. డ్రమ్ము స్టీలే అయినా, చాలా మెషీన్లలో ఈ పట్టీ అల్యూమినియంతో పోత పోసింది. ఉప్పు నీళ్లూ సబ్బు మడ్డీ కలిసి దాన్ని ఏళ్ల తరబడి తింటాయి. ఒకరోజు స్పిన్‌లో అది విరిగితే, రిపేరు ఖర్చు విన్నాక చాలామంది కొత్త మెషీన్ వైపే చూస్తారు. సైట్లో రాసేవాళ్ల దగ్గర మెషీన్ ఒకటి రెండు వారాలుంటుంది, ఈ పట్టీ విరగడానికి ఏళ్లు కావాలి. అందుకే ఇది మెకానిక్‌కి తెలిసినట్టు రివ్యూ రాసేవాళ్లకి తెలియదు.

సముద్రపు గాలి సంగతి మీకు నేను చెప్పేదేముంది, ఆ వైపు కిటికీ ఊచలు చూస్తే తెలుస్తుంది. మెషీన్ని వసారాలో పెట్టొద్దు. లోపల గోడకు కాస్త ఎడంగా, తుప్పు పట్టని ప్లాస్టిక్ స్టాండు మీద పెట్టించండి. మెషీన్ అడుగుభాగం ప్లాస్టిక్‌ది అయితే మరీ మంచిది, ఎలుకలు దూరకుండా కింద జాలీ ఉందో లేదో కూడా వంగి చూడండి.

మూడోది సర్వీసు. కంపెనీ వెబ్‌సైట్లో “దేశమంతటా సర్వీసు” అని ఉంటుంది. మీకు కావలసింది దేశం కాదు, అల్లూరు. ఏ కంపెనీ మెకానిక్ కావలి నుంచి అల్లూరు వస్తాడు, ఎన్ని రోజులకు వస్తాడు, లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు పోతే నెల్లూరులో దొరుకుతుందా, ఇంకా పైనుంచి తెప్పించాలా? లిస్టులో మూడో స్థానంలో ఉన్న మెషీన్‌కి కావలిలో మనిషి ఉండి, మొదటి స్థానం దానికి లేకపోతే నేనైతే కళ్లు మూసుకుని మూడోదే కొంటాను. రిపేరు చేసే అతనికి ఒక్క ఫోన్ చేయండి. “ఏ మెషీన్ మంచిది?” అని అడగొద్దు, ఆయనా ఏదో ఒక పేరు చెప్పేస్తాడు. “ఉప్పు నీళ్ల ఊళ్లలో మీ దగ్గరకు ఎక్కువగా ఏం పాడై వస్తోంది, ఏ కంపెనీ పార్టులు తొందరగా దొరుకుతున్నాయి?” అని అడగండి.

దీంతోపాటే వారంటీ. “మోటార్‌కు 10 ఏళ్ల వారంటీ” అన్న మాట ప్రతి లిస్టులోనూ కనిపిస్తుంది, షాపులో స్టిక్కర్ మీద కూడా పెద్దక్షరాల్లో ఉంటుంది. మోటారు అంత తేలిగ్గా పోదు కాబట్టే అంత ధైర్యంగా ఇస్తారు. పోయేవి బోర్డు, నీళ్లు బయటకు తోడే చిన్న పంపు, నీళ్లు లోపలికి వదిలే వాల్వు, బేరింగు. మొత్తం మెషీన్‌కి ఎన్నేళ్లో, అందులో బోర్డు ఉందో లేదో అది మాత్రమే చూడండి. చాలావాటికి అది రెండేళ్లే.

షాపాయన విషయం కూడా మాట్లాడుకోవాలి. ఆయనకీ కంపెనీ టార్గెట్లుంటాయి, ఫలానా మోడల్ ఇన్ని అమ్మితే ఇంత అని స్కీములుంటాయి. పెద్ద షోరూముల్లో కంపెనీ టీషర్టు వేసుకుని ఓపిగ్గా వివరించే కుర్రాళ్లలో చాలామందికి జీతమిచ్చేది కంపెనీయే, షోరూము కాదు. అయినా మీ షాపాయన మీకు ఎక్కువ ధరది వద్దని తక్కువది చెప్పాడు, పైగా ఊరి పేరు విని చెప్పాడు. నాకు అది నమ్మదగ్గ గుర్తుగా కనిపిస్తోంది. ఇంకొంచెం గట్టిగా తెలుసుకోవాలంటే “ఉప్పు నీళ్లకి ఫ్రంట్ లోడులో ఏం పాడవుతుంది?” అని అడగండి. డ్రమ్ము వెనక పట్టీ గురించో, హీటర్ గురించో చెబితే విషయం తెలిసి చెప్పినట్టే. “అంతేనమ్మా, మా కస్టమర్లంతా అంటుంటారు” అంటే ఇంకో షాపుకు వెళ్లండి.

ఇక అమెజాన్‌లో, ఫ్లిప్‌కార్ట్‌లో కొన్నవాళ్లు రాసే రివ్యూలు. ఐదు నక్షత్రాలవి ఎక్కువగా మెషీన్ ఇంటికొచ్చిన రోజున రాసినవి. “ప్యాకింగ్ సూపర్, డెలివరీ బాయ్ మంచివాడు” అని. ఒక్క నక్షత్రం వాటిలో సగం కోపం కొరియర్ మీద. రెండు, మూడు నక్షత్రాలవి చదవండి. వాళ్లు వస్తువును వాడారు, కొంత నచ్చింది, కొంత నచ్చలేదు, ఎందుకో చెబుతారు. వెతికే చోట ఉప్పు నీళ్లు, తుప్పు, సర్వీసు అన్న మాటలు ఇంగ్లీషులో కొట్టి చూడండి. ఒక జాగ్రత్త, ఒకే పేజీలో 6 కిలోలది, 7 కిలోలది, 8 కిలోలది అన్నిటి రివ్యూలూ కలిపేస్తారు. మీరు చదివేది మీ మోడల్ గురించేనా చూసుకోండి. ఆన్‌లైన్ రివ్యూలు ఎలా సేకరించాలి, ఎలా చూపించాలి అని 2022లో బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ఒక ప్రమాణం తెచ్చింది గానీ, అది పాటించి తీరాలన్న నిబంధనగా రాలేదు. కాబట్టి మన జాగ్రత్తలో మనముండాలి. డబ్బు తీసుకుని వస్తువును పొగిడేవాళ్లు ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని మాత్రం కేంద్రం అదే ఏడాది మార్గదర్శకాలు ఇచ్చింది. కొన్నాక మోసపోయామనిపిస్తే 1915 నంబరుకు ఫోన్ చేయొచ్చు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు.

మోకాళ్ల సంగతికి వద్దాం. ఫ్రంట్ లోడు కింద ఎత్తు స్టాండు వేస్తే వంగడం కొంత తగ్గుతుంది గానీ, తడి దుప్పటి బయటకు లాగడానికి వంగక తప్పదు. నా లెక్కలో మీ అత్తగారికి 7 కిలోల ఫుల్లీ ఆటోమేటిక్ టాప్ లోడు సరిపోతుంది. హీటర్ లేనిది, స్టీలు డ్రమ్ము ఉన్నది, తక్కువ ఒత్తిడికి పనిచేసేది. మీ బడ్జెట్‌లో డబ్బులు మిగులుతాయి కూడా. సెమీ ఆటోమేటిక్ ఇంకా చౌక, నీళ్ల ఒత్తిడి గొడవా ఉండదు గానీ, తడి గుడ్డలు ఒక తొట్టిలోంచి ఇంకో తొట్టిలోకి ఎత్తి వేయాలి. ఆమెకు ఆ పని తప్పించాలనే కదా ఇదంతా. ఆర్డర్ పెట్టేముందు ఒక్క పని చేయండి. అత్తగారిని షాపుకు తీసుకెళ్లి, మెషీన్ డ్రమ్ములో ఒక కర్చీఫ్ పడేసి తీయమనండి. టాప్ లోడు డ్రమ్ములు కొన్ని చాలా లోతు. పొట్టిగా ఉండేవాళ్లకు అడుగు అందదు, మునివేళ్ల మీద లేవాల్సి వస్తుంది. బటన్లు మెషీన్ వెనక అంచున ఉన్నాయా, ముందున్నాయా అన్నది కూడా ఆమె చెయ్యి చాపితేనే తెలుస్తుంది. కావలసిన రెండు బటన్ల మీద రంగు స్టిక్కర్లు అంటించి ఇవ్వండి, మిగతా పద్నాలుగూ ఆమెకు అక్కర్లేదు.

మరిదిని మాత్రం నొప్పించొద్దు. అంత దూరం నుంచి అమ్మ కోసం అంత ఓపిగ్గా వెతుకుతున్నాడు. ఆయనకే అసలైన పని అప్పగించండి. షాపాయన చెప్పిన రెండు మూడు మోడళ్ల నంబర్లు పంపి, కంపెనీ సైటు నుంచి వాటి మాన్యువల్స్ తీసి, కనీస నీటి ఒత్తిడి ఎంతో, బోర్డుకు వారంటీ ఎన్నేళ్లో చూసి చెప్పమనండి. టాప్ 10 లిస్టులు చదివే టైములో సగం చాలు దానికి.

ఇయర్‌బడ్స్‌కి ఇంత తంటా లేదు. అవి కావలిలోనూ కెనడాలోనూ ఒకేలా పనిచేస్తాయి. నీళ్లూ, ట్యాంకూ, మెకానిక్కూ అడ్డం రావు. పాడైతే రిపేరు చేయించేవాళ్లూ తక్కువే. ఆర్టింగ్స్ లాంటి సైట్లు శబ్దం, మైకు, బ్యాటరీ అన్నీ కొలిచి పెడతాయి. మీవాడు చూస్తున్న మోడల్ అక్కడ ఉంటే ఆ కొలతల్ని ధీమాగా నమ్మొచ్చు. మరీ చవక మోడళ్లు అక్కడ దొరకవు. వాటికి పైన చెప్పిన రెండు మూడు నక్షత్రాల రివ్యూలే గతి, ముఖ్యంగా ఆరు నెలలు వాడాక రాసినవి, ఎందుకంటే వీటిలో ముందుగా నీరసించేది బ్యాటరీ. పెట్టె మీద బీఐఎస్ గుర్తు కింద R అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఆ నంబరు కొడితే అది ఏ తయారీదారుకు, ఏ బ్రాండుకు ఇచ్చిందో కనిపిస్తుంది, పెట్టె మీది బ్రాండు పేరు అక్కడ లేకపోతే తిరిగి పంపించేయండి.